ఇంట్లోనా, క్లినిక్‌లోనా? మద్రాసులో తేలిన లెక్క

పోయిన సంక్రాంతికి నర్సీపట్నం వెళ్ళినప్పుడు మా పెద్దమ్మ కూతురు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏట్రా, అన్నేళ్ళు కంప్యూటర్లు చదివావు కదా, ఇదేటో చూసి చెప్పు" అంది. ఇంజనీరింగ్ చదివినవాడికి ఫ్యాను కండెన్సర్ దగ్గర్నుంచి పెళ్ళి సంబంధం దాకా అన్నీ తెలుస్తాయని మా వాళ్ళకో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం నాకూ ఇష్టం ఉండదు కాబట్టి తీసుకుని చూశాను.

విశాఖపట్నంలో ఒక క్లినిక్ వాళ్ళ కరపత్రం అది. పిల్లాడి తలకి తీగలు తగిలించి, మెదడు తరంగాలని తెర మీద చూపిస్తూ, ఆటలాగా ఆడించి ఏకాగ్రత నేర్పిస్తారట. న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు దాన్ని. నలభై సిట్టింగులు. కాగితం వెనకవైపు అక్క తన చేత్తో ఇంకో ధర రాసుకుంది. ఇంట్లోనే నుదుటికి పట్టీలా పెట్టుకుని ఫోనుకి కలుపుకునే హెడ్‌సెట్ ధర అది. మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. ఐదు నిమిషాలు ఒక్కచోట కుదురుగా ఉండడు. పుస్తకం ఒకచోట, బ్యాగు ఒకచోట, వాడింకోచోట. స్కూల్లో రెండుసార్లు పిలిచి చెప్పారు. ఏడీహెచ్‌డీ అయ్యుండొచ్చని ఎవరో అన్నారు. అక్క అడిగిందల్లా ఒక్కటే ప్రశ్న: "ఇంటికి కొనమంటావా, వైజాగ్ తీసుకెళ్ళమంటావా?"

నాకు అలవాటైన పనే నేను చేశాను. ల్యాప్‌టాప్ తీసి ఎక్సెల్ షీటులో రెండు కాలమ్స్ పెట్టాను, ఇల్లు ఒకటి, క్లినిక్ ఒకటి. నర్సీపట్నం నుంచి వైజాగ్ రానూపోనూ నూట అరవై కిలోమీటర్ల పైనే. నలభైసార్లంటే 6400 కిలోమీటర్లు. బస్సులో వెళ్ళొస్తే ప్రతిసారీ ఒక రోజు పూర్తిగా పోయినట్టే. అక్క కుట్టుమిషను నలభై రోజులు ఆగిపోవాలి, వాడి స్కూలు కూడా అంతే. షీటు అప్పుడే ఇంటివైపు మొగ్గుతోంది. పక్కన మంచం మీద పడుకుని ఇదంతా వింటున్న మా నాన్నమ్మ ఉన్నట్టుండి అంది: "మా అన్నయ్యని కూడా ఇలాగే పొలం అమ్మి మదనపల్లె పంపారు. ఇంట్లో ఉంచకూడదన్నారు మరి."

ఆవిడ చెప్పింది క్షయ జబ్బు గురించి. దానికీ దీనికీ ఏం సంబంధం అనుకుని ఊరుకున్నాను. హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ మాట మీదే చదవడం మొదలుపెడితే, అక్క అడిగిన ప్రశ్ననే డెబ్భై ఏళ్ళ క్రితం మన పక్కనే మద్రాసులో కొందరు డాక్టర్లు చాలా పద్ధతిగా అడిగారనీ, జవాబు కూడా రాబట్టారనీ తెలిసింది. ఆ కథా, ఈ యంత్రం కథా రెండూ కలిపి చెప్పడానికే ఈ టపా.

ముందు మదనపల్లె సంగతి. మందులు లేని రోజుల్లో క్షయకి వైద్యం అంటే చోటే. 1854లో జర్మన్ వైద్యుడు బ్రెమర్ కొండల్లో ఒక ఆరోగ్యనిలయం పెట్టి గాలి, విశ్రాంతి, బలమైన తిండి అనే వైద్యం మొదలుపెట్టాడు. 1880లలో ట్రూడో అనే డాక్టరు అమెరికాలో అదే పని చేశాడు. మన దగ్గర 1910లలో మిషనరీ సంస్థలు కలిసి మదనపల్లె దగ్గర యూనియన్ మిషన్ శానిటోరియం కట్టాయి. దాన్ని నిలబెట్టినవాడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు. ఆ చోటికి పెట్టిన పేరే ఆరోగ్యవరం. పేరులోనే ఉంది చూడండి, ఊరే మందు అన్న నమ్మకం! పాలు, గుడ్లు, చల్లగాలి, నెలల తరబడి పడక. అందులో మోసమేమీ లేదు. అప్పటికి ఎవరి దగ్గరా అంతకంటే మంచి దారి లేదు.

తర్వాత పరిస్థితి మారింది. 1940లలో స్ట్రెప్టోమైసిన్, పాస్ వచ్చాయి. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఇవి సూక్ష్మజీవిని నిజంగా చంపుతాయో, ఎదగకుండా ఆపుతాయో, లేక ఏమీ చేయవో అన్నది ముందే పరీక్షించారు. 1948లో బ్రిటన్‌లో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ పరీక్ష, రోగుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా పంచి పోల్చే పద్ధతికి ఇప్పటికీ పాఠంగా చెప్తారు. అంటే 1950లు సగమయ్యేసరికి "ఈ మందు పనిచేస్తుందా?" అన్న ప్రశ్న తీరిపోయింది. (ఈ వాక్యాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనికే వస్తాను.)

మిగిలిన చిక్కల్లా చోటు గురించే. మన దేశంలో రోగులు లక్షల్లో, శానిటోరియం పడకలు వేలల్లో. అందరినీ చేర్చుకోవాలంటే తరాలు పడుతుంది. పోనీ మందు ఇచ్చి ఇంటికి పంపేద్దామంటే పెద్దలు ఒప్పుకోలేదు. ఇరుకు గదుల్లో, అరకొర తిండితో, పనికి పోతూ ఉంటే జబ్బెలా నయమవుతుంది? పక్కన పడుకునే పిల్లల మాటేమిటి? ఆ భయాల్లో అర్థంలేనిదేమీ లేదు. మా నాన్నమ్మ పుట్టింటివాళ్ళు పొలం అమ్మింది కూడా ఆ భయంతోనే.

1956లో మద్రాసు చేట్‌పట్‌లో ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ మొదలైంది. ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టినది. మొదట్లో దాన్ని నడిపినవాడు వాలెస్ ఫాక్స్. వాళ్ళు దాదాపు 190 మంది పేద రోగుల్ని తీసుకుని, ఎవరెక్కడికి వెళ్ళాలో డాక్టరు ఇష్టానికి గానీ రోగి ఇష్టానికి గానీ వదలకుండా పంచారు. సగం మందికి శానిటోరియం, సగం మందికి సొంత ఇల్లు. మందు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఐసోనియాజిడ్, పాస్ కలిపి ఏడాదిపాటు.

నాలాంటి వాళ్ళకి నచ్చే విషయం ఇదే. ఒక్క వేరియబుల్ తప్ప మిగతావన్నీ కదలకుండా పెట్టడం. ప్రోగ్రాములో బగ్ వెతికేటప్పుడు మేం చేసేదీ (చేయాల్సిందీ అనాలేమో, ఎప్పుడూ చేయం) అదే. ఒకేసారి నాలుగు మార్చేసి, పనిచేసింది చూశారా అంటే దేనివల్ల పనిచేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఫలితం 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. ఏడాది తిరిగేసరికి శానిటోరియం గుంపులో నూటికి 92 మందికి, ఇంటి గుంపులో నూటికి 86 మందికి కఫంలో జబ్బు అణిగిపోయింది. శానిటోరియం వాళ్ళకి తిండి బాగుంది, విశ్రాంతి ఉంది. ఇంటివాళ్ళకి ఆ రెండూ తక్కువే. అయినా తేడా అంతే. ఇంట్లోవాళ్ళకి అంటుకునే భయం సంగతి తేల్చడానికి కుటుంబాలని ఐదేళ్ళ పాటు వెంబడించి చూశారు. రోగిని ఏడాదిపాటు దూరంగా ఉంచినందువల్ల ఇంట్లోవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి దగ్గర వైద్యం మీదే నిలబడింది. శానిటోరియంల కాలం మెల్లగా ముగిసిపోయింది. ఆ మద్రాసు కేంద్రమే ఇప్పుడు చెన్నైలో జాతీయ క్షయ పరిశోధనా సంస్థ పేరుతో ఉంది.

ఈ కథని చాలామంది "ఇల్లే చాలు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అసలు విషయం ఆ ముక్కలో పట్టదు. మద్రాసులో ఇంటికి పంపారంటే చేతులు దులుపుకున్నారని కాదు. రోగి వారం వారం వచ్చి మందు తీసుకెళ్ళాలి. ఆరోగ్య సందర్శకులు ఇంటికొచ్చేవాళ్ళు. చెప్పాపెట్టకుండా వచ్చి మిగిలిన మందు బిళ్ళలు లెక్కపెట్టేవాళ్ళు. మూత్రం తీసుకెళ్ళి మందు ఒంట్లోకి వెళ్ళిందో లేదో పరీక్ష చేసేవాళ్ళు. ఎందుకంటే కాస్త నెమ్మదించగానే మందు మానేయడం మనిషి నైజం. అంటే ఇంటి వైద్యం నడవడానికి రెండు దన్నులున్నాయి. ఒకటి, పనిచేస్తుందని ముందే తేలిన మందు. రెండు, అది సరిగ్గా పడుతోందో లేదో కనిపెట్టే పరీక్ష.

ఈ రెండింటినీ పట్టుకుని ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం.

మనిషి తలమీంచి విద్యుత్ తరంగాలని మొదటిసారి పట్టింది జర్మనీలో యేనా ఊళ్ళో హాన్స్ బెర్గర్. 1924లో పట్టి, 1929లో ప్రకటించాడు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఉన్నప్పుడు కనపడే అలలకి ఆల్ఫా అని పేరు పెట్టింది ఆయనే. 1950ల చివర్లో చికాగోలో జో కమియా అనే ఆయన ఒక సరదా ప్రశ్న వేశాడు. "ఇప్పుడు నీ మెదడులో ఆల్ఫా ఉందా లేదా, ఊహించి చెప్పు" అని అడుగుతూ, ప్రతిసారీ తప్పో ఒప్పో చెప్పుకుంటూ పోయాడు. కొన్నాళ్ళకి కొందరు బాగానే చెప్పగలిగారు. ఆ తర్వాత కావాలనుకుని పెంచగలరా తగ్గించగలరా అని చూశాడు. న్యూరోఫీడ్‌బ్యాక్‌కి బీజం అక్కడ పడింది.

మన దేశంలోనూ అప్పుడే ఇంకో పని జరిగింది. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, చిన్నా, బల్దేవ్ సింగ్ యోగుల తలలకి తీగలు పెట్టి చూశారు. మంచులా చల్లటి నీళ్ళలో, 4 డిగ్రీల దగ్గర, ముప్పావు గంట పైగా చెయ్యి ఉంచినా ఇద్దరు యోగుల ఆల్ఫా చెదరలేదు. అమెరికాలో ఈ రెండు వార్తలూ కలిసి "ఆల్ఫా పెరిగితే ధ్యానం వచ్చేసినట్టే" అనే మోజుకి ఊపునిచ్చాయి. 1970లలో అక్కడ ఇంట్లో పెట్టుకునే ఆల్ఫా యంత్రాలు అమ్మారు. మా అక్క చూసిన హెడ్‌సెట్‌కి తాతలన్నమాట అవి. అయితే అదే దశకంలో పరిశోధకులు గమనించిందేమిటంటే, ఆల్ఫా పెద్దగా పెరగకపోయినా, ప్రశాంతత వస్తుందని ముందు చెప్పి కూర్చోబెడితే ఆ అనుభూతి వచ్చేస్తోంది. నమ్మకం పని నమ్మకం చేసుకుపోతోంది, యంత్రం పక్కన ఉంది అంతే.

ఇంకో పాయ పిల్లులది. లాస్ ఏంజెలెస్‌లో బారీ స్టెర్మన్ 1960లలో పిల్లులకి పాలు ఎరగా పెట్టి ఒక రకం తరంగాన్ని (సెకనుకి 12 నుంచి 15 సార్లు ఊగేది) పెంచడం నేర్పాడు. తర్వాత వేరే పని మీద రాకెట్ ఇంధనానికి సంబంధించిన ఒక విషరసాయనం పిల్లుల మీద పరీక్షిస్తే, ఈ శిక్షణ పొందిన పిల్లులకి మూర్ఛ ఆలస్యంగా వచ్చింది. ఇది నాకు చాలా నచ్చిన ఘట్టం. ఎందుకంటే పిల్లికి నమ్మకాలుండవు. "మా డాక్టరు గారు చాలా మంచివారు" అనుకుని అది కోలుకోదు. 1972లో ఆయన ఒక మూర్ఛ రోగి మీద వచ్చిన ఫలితాన్ని ప్రకటించాడు. 1976లో జోయెల్ లూబర్ దీన్నే కుదురులేని పిల్లవాడి మీద వాడి చూశాడు. కరపత్రంలో మా మేనల్లుడి కోసం రాసినదానికి మూలం అదే.

మరి పనిచేస్తుందా? 2009లో అప్పటిదాకా వచ్చిన పరీక్షల్ని కలిపి చూసినవాళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తుందన్నారు. కానీ వాటిల్లో చాలామటుకు మార్కులు వేసింది తల్లిదండ్రులు. వాళ్ళకి పిల్లాడు శిక్షణకి వెళ్తున్నాడని తెలుసు, డబ్బూ టైమూ పెడుతున్నారు. 2016లో ఇంకో బృందం, ఏ వైద్యం జరుగుతోందో తెలియనివాళ్ళు వేసిన మార్కుల్ని విడిగా తీసి చూస్తే ఆ లాభం కరిగిపోయింది. 2020లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ఏడు నుంచి పదేళ్ళ పిల్లలు 140 మంది పైచిలుకు, 38 సిట్టింగులు. కొందరికి తెర మీద ఆట వాళ్ళ మెదడు ప్రకారం నడిచింది, మిగతావాళ్ళకి ముందే రికార్డు చేసిన వేరే పిల్లవాడి తరంగాల ప్రకారం నడిచింది. ఎవరిది అసలో ఎవరిది ఉత్తుత్తిదో పిల్లలకీ తెలీదు, అమ్మానాన్నలకీ తెలీదు. చివరికి రెండు గుంపులూ బాగుపడ్డాయి. దాదాపు సమానంగా! 2024 చివర్లో 38 పరీక్షలు, దాదాపు రెండున్నర వేల మంది లెక్కలు కలిపి చూసినవాళ్ళు కూడా, తెలియనివాళ్ళు వేసిన మార్కుల్లో చెప్పుకోదగ్గ లాభం లేదన్నారు. బాగా స్థిరపడిన పద్ధతులు వాడిన పరీక్షల వరకే చూస్తే చిన్న మెరుగు కనిపించిందని కూడా అందులోనే ఉంది. అదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

ఆ 2020 పరీక్ష చదువుతున్నప్పుడే నా ఎక్సెల్ షీటులో తప్పు ఎక్కడుందో తెలిసింది. పిల్లలు బాగుపడ్డారు, కానీ యంత్రం వల్ల కాదు. మరి దేనివల్ల? పరీక్షలో చేరేవాళ్ళు ఎక్కువగా బాధ ముదిరినప్పుడే చేరతారు, కాలం గడిస్తే ఎలాగూ కొంత తగ్గుతుంది. దానికి తోడు ముప్పై ఎనిమిదిసార్లు ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని ఓపిగ్గా మెచ్చుకుంటూ పని చేయించారు. ఇంట్లో వాడి గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. ఆశ ఉంది. యంత్రం ఉత్తుత్తిదైనా ఇవన్నీ అసలువే.

మద్రాసులో మందు పనిచేస్తుంది కాబట్టి చోటు ముఖ్యం కాకుండా పోయింది. ఇక్కడ తిరగబడింది. మందు సంగతి తేలలేదు కాబట్టి, కనపడే మంచిలో ఎక్కువ భాగం చోటుదే అయ్యుండొచ్చు, అంటే క్లినిక్‌దీ అక్కడి మనిషిదీ. అలాంటప్పుడు యంత్రాన్ని ఒక్కదాన్నే ఇంటికి తెచ్చుకుంటే, శానిటోరియం నుంచి మందు వదిలేసి మంచం ఒక్కటి ఇంటికి మోసుకొచ్చినట్టు ఉంటుంది. పోనీ క్లినిక్‌కే వెళ్దామంటే, ఆ మంచి మాటకీ మెచ్చుకోలుకీ యంత్రం ధర కట్టి 6400 కిలోమీటర్లు తిరగాలా?

రెండో దన్ను, పరీక్ష సంగతి కూడా చూడాలి. తలమీంచి వచ్చే సిగ్నల్ వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుంది. రెప్ప కొడితే అంతకంటే పెద్ద అల వస్తుంది. పళ్ళు బిగిస్తే దవడ కండరాలు ఇంకో గోల చేస్తాయి. ఇంట్లో కరెంటు తీగల 50 హెర్ట్జ్ హోరు సరేసరి, ఎర్తింగ్ లేని పాత ఇళ్ళలో చెప్పనక్కర్లేదు. లూబర్ తరహా శిక్షణలో తీగ నడినెత్తిన పెడతారు. ఇంట్లో వాడే చాలా పట్టీలు నుదుటి మీద కూర్చుంటాయి, సరిగ్గా రెప్పల పక్కన. తొమ్మిదేళ్ళవాడు నుదురు ముడిచి ఆటలో గెలుస్తుంటే, నేర్చుకుంటున్నది మెదడా నుదురా అని కనిపెట్టేదెవరు? మద్రాసులో మూత్ర పరీక్ష ఉండేది. ఇక్కడ ఇంట్లో అలాంటిదేదీ లేదు. చదువుకున్న మనిషి పక్కన ఉండి చూస్తే కొంత పట్టుకోగలడు, ఈ విషయంలో క్లినిక్ నిజంగానే మెరుగు. అందుకే నిజంగా వెళ్ళాలనుకునేవాళ్ళు యంత్రం బ్రాండు కాకుండా, అక్కడ కూర్చునేది పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టో కాదో అడగడం మంచిది. మూర్ఛలాంటివి ఉంటే న్యూరాలజిస్టు లేకుండా ఇంట్లో ఏ ప్రయోగమూ వద్దు.

ఇదంతా అక్కకి ఫోనులో చెప్పాను (ఇంత పొడుగ్గా కాదులెండి). కాసేపు మాట్లాడలేదు. "అయితే ఏదీ వద్దంటావా? ఏదో ఒకటి చెయ్యకపోతే ఎలాగరా?" అంది. ఆ గొంతు విన్నాక నాకు మా నాన్నమ్మ పుట్టింటివాళ్ళు అర్థమయ్యారు. పొలం అమ్మినవాళ్ళు అమాయకులు కారు. చేతులు కట్టుకుని కూర్చోలేకపోయారు, అంతే.

"ఏదీ వద్దనలేదక్కా, ముందు వాడికున్నది ఏమిటో తెలుసుకుందాం" అన్నాను. బావగారు సెలవు పెట్టి ఒక్కసారి వైజాగ్ తీసుకెళ్ళారు, ఆ కరపత్రం క్లినిక్‌కి కాదు. చూపు, వినికిడి, నిద్ర, చదువు అన్నీ అడిగి, వాడిచేత రకరకాల పనులు చేయించి, ఏడీహెచ్‌డీయే అని చెప్పారు. మందులు అవసరమైతే తర్వాత ఆలోచిద్దామని, ముందు అమ్మానాన్నలకి శిక్షణ మొదలుపెట్టారు. పని చిన్న ముక్కలు చేసి చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, రాత్రి ఫోను తీసి పక్కన పెట్టడం, స్కూల్లో ముందు బెంచీ అడగడం. నెలకోసారి వైజాగ్, మిగతాదంతా నర్సీపట్నంలోనే. మధ్యమధ్యలో ఆవిడ ఫోను చేసి, చెప్పినవి చేస్తున్నారా అని ఆరా తీస్తుందట. గోడ మీద అక్క ఒక చార్టు అంటించింది, ఆవిడ అడిగితే అది చూసే జవాబు చెప్పాలి.

వాడింకా కుదురుగా లేడు. మొన్న వీడియో కాల్‌లో పావుగంటలో మూడుసార్లు లేచి వెళ్ళొచ్చాడు. "ఇదివరకు ఏడుసార్లు లేచేవాడు, నేను లెక్కపెడుతున్నా" అంది అక్క. వెనకనుంచి నాన్నమ్మ, "మా అన్నయ్యకి మందు బిళ్ళలు నేనే లెక్కపెట్టేదాన్ని, ఇంటికొచ్చాక" అంటోంది.